విద్యార్థి వీసా నిబంధనలు - కుటుంబ ఆస్తి: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల చారిత్రక పరిశీలన

విదేశాలకు చదువు కోసం వెళ్లిన తెలుగువారి చరిత్ర ఇంతవరకు ఎక్కువగా చేరుకొన్నవారి చరిత్రగానే వెలువడింది. ఏ విశ్వవిద్యాలయంలో చేరారు, ఏ పరిశోధన చేశారు, అక్కడ ఏ సంఘాలు పెట్టుకొన్నారు అనే విషయాలకు జీవితచరిత్రలలోను, ప్రత్యేక సంచికలలోను తగిన చోటు దక్కింది. ప్రవేశపత్రం చేతికందిన రోజుకు, వీసా ముద్ర పడిన రోజుకు నడుమ గడిచే కాలాన్ని మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోలేదు. ఆ కాలంలో ఒక కుటుంబంలో ఏ కాగితాలు పుడతాయి, ఏ భూమి చేతులు మారుతుంది, ఎవరి నగలు ఏ పెట్టెలోకి చేరతాయి అన్నది పరిశీలిస్తేనే వీసా నిబంధన అనే మాటకు పూర్తి అర్థం తెలుస్తుంది. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలను ఆధారంగా చేసుకొని ఆ నడిమి కాలపు చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

విద్యార్థి వీసా చట్టం ఏ దేశానిదైనా అభ్యర్థిని ప్రధానంగా రెండు ప్రశ్నలు అడుగుతుంది. చదువుకు డబ్బు ఎక్కడిది? చదువు ముగిశాక తిరిగి వెళతావా? ఈ రెండింటికీ జవాబు అభ్యర్థి మార్కుల పట్టికలో దొరకదు, అతని ఇంటి ఆస్తిలో వెతుక్కోవలసి ఉంటుంది. ఆస్తి ఎంత ఉందన్న దానికంటే అది ఏ రూపంలో ఉందన్నదే అక్కడ తేలే విషయం. నల్లరేగడి చేను, బంగారు నగ, పట్టణంలో ఇంటిస్థలం, బ్యాంకు ఖాతా - ఇవి నాలుగూ ఊళ్లో ఒకే రకమైన గౌరవాన్ని ఇవ్వవచ్చు గాని, వీసా అధికారి ముందు ఒకే రకంగా మాట్లాడవు. నిబంధనలు బిగిసిన కొద్దీ ఈ మూడు ప్రాంతాలలో ఆస్తి తన రూపాన్ని మార్చుకోవలసి వచ్చిందన్నది ఇక్కడి ప్రతిపాదన.

ప్రశ్నల పుట్టుక

అమెరికా 1917లో చేసిన వలస చట్టం ఆసియా ఖండంలోని చాలా భాగాన్ని నిషిద్ధ మండలంగా ప్రకటించింది. భారతదేశం ఆ మండలంలోనిదే. కూలీలకు, స్థిరపడదలచినవారికి దారి మూసిన ఆ చట్టం విద్యార్థులను మినహాయించింది. ఆ మినహాయింపు ఉన్న కాలంలోనే, 1922 అక్టోబరులో, యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరారు. ఆయన ప్రయాణానికి మామగారి సహాయం, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి సహాయం ఆధారమయ్యాయి. చుట్టరికం, ధర్మం కలిసి ఒక యువకుణ్ణి సముద్రం దాటించిన ఈ పద్ధతి తరువాతి శతాబ్దంలో తెలుగు ఇళ్లలో పదే పదే కనిపిస్తుంది. మరుసటి ఏడే, 1923లో, భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. 1946 చట్టం దాకా ఆ స్థితి మారలేదు. సుబ్బారావు 1948లో పౌరసత్వం లేకుండానే మరణించారు. తిరిగి వెళతావా అని అడిగే దేశమే ఉండిపోయినవానిని తనవాడిగా రాసుకోకపోవడం ఈ చరిత్రలో మొదటి నుంచీ ఉన్న వైరుధ్యం.

1924 చట్టం విద్యార్థిని కోటాలకు బయటివాడిగా గుర్తించింది. అయితే వీసా ఇచ్చే పనిని రేవు దగ్గరి అధికారి నుంచి తప్పించి, అభ్యర్థి స్వదేశంలోనే ఉన్న కాన్సులేటుకు అప్పగించింది. దీని ప్రాముఖ్యం సాధారణంగా చరిత్రకారుల దృష్టికి తక్కువగా వచ్చింది. నిరాకరణ అనేది ఇక ఓడ దిగిన తరువాత జరిగేది కాదు, ఊరు దాటక ముందే జరిగేది. 1952 చట్టం ఎఫ్ తరగతి విద్యార్థికి నేటికీ అమలులో ఉన్న నిర్వచనం ఇచ్చింది. స్వదేశంలో నివాసం ఉండాలి, దానిని వదులుకొనే ఉద్దేశం ఉండరాదు. అదే చట్టంలోని 214(బి) నిబంధన ప్రకారం వీసా కోరే ప్రతి వ్యక్తీ శాశ్వతంగా ఉండిపోవడానికే వస్తున్నాడని ముందుగా భావించాలి. కాదని రుజువు చేసే భారం అభ్యర్థిదే. సాధారణ నేరవిచారణలో ఆరోపించినవాడు రుజువు చూపాలి, ఇక్కడ ఆ క్రమం తలకిందులయింది. కాన్సులేటు అధికారి నిర్ణయాన్ని న్యాయస్థానాలు సాధారణంగా సమీక్షించవన్న సూత్రం కూడా తోడవడంతో ఆ రెండు మూడు నిమిషాల సంభాషణకు పైన అప్పీలు లేకుండా పోయింది.

బ్రిటన్ సంగతి వేరు. వలసపాలన కాలంలో భారతీయ విద్యార్థి బ్రిటిషు ప్రజగానే లండన్ వెళ్లేవాడు. వీసా అవసరం లేదు గాని నిఘా ఉండేది. 1909 జూలైలో కర్జన్ వైలీ హత్య తరువాత అది మరింత పెరిగింది. 1962 కామన్వెల్త్ వలస చట్టం ఆ స్వేచ్ఛకు హద్దు గీసింది. భారతీయులకు ముందస్తు వీసా తప్పనిసరి అయింది 1986లో.

మద్రాసు దారి

జమ్మలమడుగులో లండన్ మిషనరీ సొసైటీ ఆసుపత్రి 19వ శతాబ్ది చివరి దశకంలో మొదలయింది. స్థాపకుడు డాక్టర్ క్యాంప్‌బెల్ పేరుతోనే అది ప్రసిద్ధం. సముద్రాలు దాటి ఒక విదేశీ వైద్యుడు పెన్నానది ఒడ్డున ఆసుపత్రి పెట్టడానికి ఏ ఉద్దేశ నిరూపణా అవసరపడలేదు. ఆ ప్రాంతపు వైద్య విద్యార్థి ఎదురు దిశలో ప్రయాణించే నాటికి పరిస్థితి పూర్తిగా మారింది. కర్నూలు వైద్య కళాశాల 1957లోను, తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల 1960లోను ఏర్పడిన తరువాత కడప జిల్లా యువకులకు వైద్యవిద్య అందుబాటులోకి వచ్చింది. 1965లో అమెరికా జాతుల వారీ కోటాలను తొలగించింది. దానితో వైద్యులకు దారి తెరుచుకొంది. అది పదకొండేళ్లకు మించి నిలవలేదు. 1976 చట్టం వైద్యుల కొరత తీరిందని ప్రకటించి, విదేశీ వైద్య పట్టభద్రులకు అదనపు పరీక్షలు విధించింది. 1977లో తానా తొలి సమావేశం న్యూయార్కులో జరిగింది. అందులో వైద్యుల పాత్ర ప్రముఖం కావడానికి, ఆ తరువాతి తరంలో ఇంజనీర్లు ముందుకు రావడానికి కారణాలు వెతికేటప్పుడు ఈ చట్టాల తేదీలను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఆ రోజుల్లో అడ్డంకులు పరాయి ప్రభుత్వానివే కావు. స్వదేశంలోను ఉండేవి. 1967 దాకా పాస్‌పోర్టు ప్రభుత్వం దయతో ఇచ్చేది. ఆ ఏడాది ఏప్రిల్‌లో సత్వంత్ సింగ్ సాహ్నీ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు విదేశయానం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని తీర్పు ఇచ్చాకే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. విదేశీమారక ద్రవ్యానికి రిజర్వు బ్యాంకు అనుమతి కావాలి. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించినప్పుడు డాలరు 4 రూపాయల 76 పైసల నుంచి 7 రూపాయల 50 పైసలకు చేరింది. ఒక్కరోజులో చదువు ఖర్చు సగానికి పైగా పెరిగినట్లయింది. 2004లో ప్రవేశపెట్టిన సరళీకృత చెల్లింపుల పథకం దాకా ఇంటి డబ్బు దేశం దాటడం అంత తేలిక కాలేదు.

వీసా కోసం ప్రయాణం మద్రాసుకు. హైదరాబాదులో అమెరికా కాన్సులేటు 2008 అక్టోబరులో ప్రారంభమయ్యే వరకు తెలుగు జిల్లాలన్నీ మద్రాసు కాన్సులేటు పరిధిలోనే ఉండేవి. కోస్తా జిల్లాలవారికి అది దూరాభారమే గాని, కడప జిల్లా పశ్చిమ భాగానికి మద్రాసే దగ్గర. ముంబయి - చెన్నై ప్రధాన రైలుమార్గం ఎర్రగుంట్ల, ముద్దనూరుల మీదుగా పోతుంది. ప్రొద్దుటూరు వారు ఎర్రగుంట్లకు, పులివెందుల వారు ముద్దనూరుకో కడపకో వచ్చి బండి ఎక్కేవారు. ప్రొద్దుటూరుకు, జమ్మలమడుగుకు సొంత రైలుస్టేషన్లు 2016లో ఎర్రగుంట్ల - నంద్యాల మార్గం ప్రారంభమయ్యాకే వచ్చాయి. అప్పటికి వీసా ప్రయాణం దిశ మారి హైదరాబాదు వైపు తిరిగింది. దగ్గరి ఊరు పోయి దూరపు ఊరు వచ్చిందన్నమాట.

పట్టా చెప్పే మాట, పట్టా చెప్పలేని మాట

అభ్యర్థి తీసుకెళ్లే కాగితాలలో అన్నిటికన్నా పాత చరిత్ర ఉన్నది భూమి కాగితం. 1800లో నైజాం నుంచి కంపెనీకి దక్కిన దత్తమండలాలలో థామస్ మన్రో పొలం పొలానికీ కొలతలు వేయించి, పన్ను కట్టే రైతును విడిగా గుర్తించే పద్ధతిని నిలబెట్టాడు. రైత్వారీ అనే ఆ పద్ధతిలో పట్టా ఒక వ్యక్తి పేరున ఉంటుంది. సేద్యం మాత్రం ఉమ్మడి కుటుంబానిది. రెండు వందల ఏళ్లుగా ఆ రెండింటి మధ్య ఉన్న ఎడాన్ని ఊరు పెద్దగా పట్టించుకోలేదు. తాత పేరున ఉన్న పట్టాతోనే మనుమలు పంచుకొని సాగు చేసుకొంటారు. పంపకం నోటిమాటగా జరుగుతుంది, గట్టు వేస్తారు, అంతే. శిస్తు కట్టడానికి అది చాలు. వీసాకు చాలదు.

ఇరవై ఎకరాల నల్లరేగడి ఉన్న కుటుంబం జమ్మలమడుగు పరిసరాలలో మోతుబరిగానే లెక్క. ఆ కుటుంబంలోని కుర్రవాడికి ప్రవేశం దొరికితే, విశ్వవిద్యాలయం ఐ-20 పత్రం ఇవ్వడానికి ముందు తొలి ఏడాది ఖర్చుకు తగిన ధనం ఉందని రుజువు అడుగుతుంది. అప్పుడు తాత పేరున ఉన్న పట్టా తండ్రి పేరుకు మారాలి. అన్నదమ్ముల మధ్య నోటి పంపకం రిజిస్ట్రారు కార్యాలయంలో భాగపత్రంగా మారాలి. 1971 చట్టం కింద ఇచ్చే పట్టాదారు పాసుపుస్తకం కావాలి. తాకట్టు లేదని చూపే ఇ.సి. కావాలి. విలువ కట్టే ఇంజనీరు నివేదిక, చార్టర్డ్ అకౌంటెంటు ఆస్తి ధ్రువపత్రం వాటి మీద చేరతాయి. ఇంటిపేరు ముందు ఉండే తెలుగు పేరు పాస్‌పోర్టులో వెనుకకు పోతుంది. పదవ తరగతి ధ్రువపత్రంలో ఒక అక్షరక్రమం, అడంగల్‌లో మరొకటి. ఇద్దరూ ఒకరేనని నోటరీ ముందు మరో ప్రమాణపత్రం. ఇంతకాలం గట్టు చూపిస్తే తేలిపోయిన హక్కు ఇప్పుడు ఎనిమిది కాగితాలలో నిలబడాలి. ఒక కుర్రవాడి చదువు ఒక ఉమ్మడి కుటుంబపు పంపకాన్ని పదేళ్లు ముందుకు జరపగలదు. ఈ కోణం నుంచి చూస్తే మన్రో నాటి పట్టాలోని వ్యక్తి నిజంగా వ్యక్తి కావడానికి విదేశీ కాన్సులేటు కూడా ఒక కారణమయిందని చెప్పవలసి వస్తుంది.

కాగితాలు కుదిరినా చిక్కు తీరదు. 2001లో భారతీయ బ్యాంకుల సంఘం రూపొందించిన విద్యారుణ నమూనా పథకం మధ్యతరగతికి పెద్ద ఆసరా. తరువాతి సవరణల ప్రకారం 7.5 లక్షల రూపాయలు దాటిన రుణానికి స్థిరమైన హామీ ఆస్తి చూపాలి. మరుసటి ఏడాది వచ్చిన సర్ఫేసీ చట్టం బ్యాంకు కోర్టుకు పోకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకొనే వీలు కల్పించింది గాని, 31(ఐ) సెక్షనులో వ్యవసాయ భూమిని ఆ అధికారానికి బయట ఉంచింది. రైతును కాపాడటానికి పెట్టిన ఆ రక్షణే రైతు కొడుకు చదువుకు అడ్డం తిరిగింది. సులభంగా స్వాధీనం కాని భూమిని పెద్ద విద్యారుణానికి హామీగా తీసుకోవడానికి బ్యాంకులు ఇష్టపడవు. ఫలితంగా జమ్మలమడుగు చేను కన్నా ప్రొద్దుటూరులో మూడు సెంట్ల ఇంటిస్థలం విద్యారుణానికి ఎక్కువ బలమైన ఆధారమవుతుంది. పొలం అమ్మి పట్టణంలో స్థలం కొన్న కుటుంబాల నిర్ణయాలకు కరవు, బోరుబావుల వైఫల్యం, కక్షలు వంటి కారణాలు చెప్పడం పరిపాటి. అవి నిజమే. వాటి సరసన దీనిని కూడా చేర్చాలి.

భూమి ఉన్నవారందరికీ ఈ చిక్కు ఒకే తీరుగా లేదు. ప్రభుత్వం పంచిన డి.కె.టి. పట్టా భూముల బదిలీని 1977 చట్టం నిషేధించింది. అమ్మడానికి వీలులేని భూమికి విలువ కట్టిన పత్రం ఎంత పెద్ద అంకె చూపినా దాని మాట చెల్లదు. దళితుల, వెనుకబడిన కులాల చేతికి వచ్చిన భూమిలో ఎక్కువ భాగం ఈ రకానిదే. పాత రీసెటిల్‌మెంటు రిజిస్టరులో యజమాని పేరుండవలసిన చోట చుక్కలు మాత్రమే ఉన్న చుక్కల భూముల సంగతి మరీ దయనీయం. తరతరాలుగా దున్నుతున్నా రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషిద్ధ జాబితాలోకి చేరినవి అవి. వాటి కోసం 2017లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. వీసా చట్టంలో కులం మాట లేదు, భూమి మాటా లేదు. అయినా అది అడిగే ధననిరూపణ ఇక్కడి భూచట్టాల గుండా వడకట్టుకొని వచ్చేసరికి ఎవరు దరఖాస్తు చేయగలరన్నది చాలావరకు ముందే తేలిపోతుంది. తిరస్కరణల లెక్కలు కాన్సులేటు దగ్గర ఉంటాయి. దరఖాస్తు దాకా రానివారి లెక్క ఏ కార్యాలయంలోను ఉండదు.

పసిడి ఊరు

ప్రొద్దుటూరు బంగారం వ్యాపారానికి పేరుపడిన ఊరు. రెండో బొంబాయి అన్న పేరు ఆ ప్రాంతపు నోళ్లలో స్థిరపడింది. చుట్టుపక్కల పల్లెల రైతుకు మిగులు వస్తే అది ప్రొద్దుటూరు అంగళ్లలో బంగారంగా మారడం పాత అలవాటు. పెళ్లికి, కరవుకు, విత్తనానికి అదే నిలువ ధనం. భూమితో పోల్చితే బంగారానికి ఒక సౌలభ్యం ఉంది. పంపకం పత్రం అక్కరలేదు, ఇ.సి. అక్కరలేదు, ఒక పూటలో తాకట్టు పెట్టి డబ్బు చేయవచ్చు. వీసా ప్రశ్నకు బంగారంగా అది జవాబు చెప్పదు. బ్యాంకు ఖాతాలో నిలువగా మారినప్పుడే చెబుతుంది. ఇంటర్వ్యూ తేదీకి నెలల ముందు నగలు తాకట్టుకు వెళ్లి, ఖాతాలోకి డబ్బు వచ్చి, చదువు మొదలయ్యాక మెల్లగా విడిపించుకోవడం ఇందువల్ల ఏర్పడిన పద్ధతి. ఆ నగలు సాధారణంగా తల్లివి. స్త్రీధనం అన్న పాత మాటకు ఇంటి లెక్కలో ఎంత విలువ మిగిలిందో ఈ సందర్భంలో తెలుస్తుంది. సంతకం తండ్రిది, స్పాన్సరుగా పేరు తండ్రిది, బయటికి వెళ్లిన బంగారం తల్లిది.

ఖాతాలో ఒక్కసారిగా పడిన పెద్ద మొత్తాన్ని అధికారి అనుమానించడం సహజం. ఆ అనుమానాన్ని తప్పించడానికి కొందరు కన్సల్టెన్సీల ద్వారా కొద్ది వారాలకు వడ్డీకి డబ్బు తెచ్చి నిలువ చూపించే మార్గం పట్టారు. ఇది మోసమే. అయితే నిజమైన ఆస్తి ఉండి కూడా దాన్ని అధికారికి అర్థమయ్యే రూపంలో చూపలేని కుటుంబాలు సైతం ఈ దారి తొక్కడం గమనించదగినది. మేనమామ సొమ్ముతో చదువుకోవడం తెలుగు ఇళ్లలో ఆక్షేపణ లేని విషయం. మేనల్లుడి చదువు ఆయన బాధ్యతగానే భావిస్తారు. దరఖాస్తు ఫారం దృష్టిలో మేనమామ తల్లిదండ్రుల తరువాతి మెట్టు వాడు, ఆయన ఎందుకు డబ్బు ఇస్తున్నాడో విడిగా చెప్పుకోవాలి. పిల్లనిచ్చే మామగారి సంగతి అంతకన్నా చిక్కు. సుబ్బారావు కాలం నాటి ఆధారం శతాబ్ది తరువాత వివరణ కోరే విషయమయింది.

పులివెందుల, 2006 తరువాత

నిబంధనలు బిగిసిన కాలం, అభ్యర్థులు పెరిగిన కాలం ఒకటే కావడం ఈ ప్రాంతపు చరిత్రలో ముఖ్యమైన మలుపు. 2001 సెప్టెంబరు దాడుల తరువాత అమెరికా విద్యార్థుల నమోదుకు సెవిస్ అనే వ్యవస్థను 2003లో అమలు చేసింది. అదే ఏడాది ఆగస్టు నుంచి దాదాపు ప్రతి అభ్యర్థీ స్వయంగా ఇంటర్వ్యూకు రావాలన్న నియమం వచ్చింది. 2004లో సెవిస్ రుసుము 100 డాలర్లు. 2008లో అది 200, 2019లో 350 అయింది. ఇదే కాలంలో 2006లో పులివెందులలో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కళాశాల, కడపలో యోగివేమన విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. 2008లో ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ప్రారంభమయింది. ప్రొద్దుటూరులో యోగివేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది. బోధన రుసుముల చెల్లింపు పథకం విస్తరించడంతో వేరుశనగ, చీనీ, అరటి పండించే కుటుంబాల నుంచి మొదటి తరం ఇంజనీర్లు బయటికి వచ్చారు. బి.టెక్. దాకా వారిని ఆస్తి అడ్డగించలేదు. రాష్ట్రం హద్దు దాటగానే మళ్లీ ఆస్తి ప్రశ్న ఎదురయింది.

రాష్ట్ర ప్రభుత్వాల విదేశీ విద్యా సహాయ పథకాలు ఈ ఖాళీని కొంత పూరించాయి. 2022లో ప్రకటించిన పథకం ప్రపంచ స్థాయి ర్యాంకింగులలో ముందున్న విశ్వవిద్యాలయాలకే పరిమితమయింది. ర్యాంకును ప్రమాణంగా పెట్టడంలో ప్రజాధనం వృథా కారాదన్న సదుద్దేశం ఉండేది. అయితే జిల్లా కళాశాలల పట్టభద్రులలో ఎక్కువ మందికి ప్రవేశం దొరికే సాధారణ రాష్ట్ర విశ్వవిద్యాలయాలు ఆ జాబితాలో ఉండేవి కావు.

తిరిగి వెళతావా?

రెండవ ప్రశ్న మొదటి ప్రశ్నకు జవాబు చెప్పిన తీరు వల్లనే జటిలమవుతుంది. సొంత ధనం లేనివాడు రుణం తీసుకొంటాడు. రూపాయలలో వచ్చే జీతంతో ఆ రుణం తీరాలంటే చాలా ఏళ్లు పడుతుంది. అందుచేత చదువు తరువాత అక్కడ కొంతకాలం పని చేయడం కోరిక కాదు, రుణం తీర్చే ఏర్పాటు. ఆ దేశపు నిబంధనలు కూడా అందుకు అవకాశం ఇస్తాయి. విజ్ఞాన, సాంకేతిక విద్యార్థులకు శిక్షణ పేరుతో పని చేసే గడువును 2008లో 17 నెలలు, 2016లో 24 నెలలు పొడిగించారు. ఒక నిబంధన ఉండి పని చేయడాన్ని అనుమతిస్తుంది. మరొక నిబంధన ఆ ఉద్దేశం నోటివెంట వస్తే వీసా నిరాకరిస్తుంది. తిరిగి వచ్చి మా ఊళ్లో సంస్థ పెడతానని పులివెందుల కుర్రవాడు వల్లించే వాక్యం ఈ రెండు నిబంధనల నడుమ పుట్టింది. దానిని అబద్ధమని కొట్టివేయడం తేలిక. నిజం చెప్పడానికి చోటివ్వని ప్రశ్నకు అది జవాబని గుర్తిస్తే, తప్పు ఒక్కరిదే కాదని తెలుస్తుంది.

ఈ సందులోనే మోసపు విద్యాసంస్థలు దూరాయి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయం మీద దాడి జరిగినప్పుడు అక్కడ నమోదయిన 1,500 మందికి పైగా విద్యార్థులలో అత్యధికులు భారతీయులు, వారిలోను ఎక్కువ మంది ఆంధ్రప్రదేశ్ వారు. వందల మంది ఒకే అపార్టుమెంటు చిరునామాలో ఉన్నట్లు రికార్డులు చూపాయి. కొందరు విద్యార్థుల కాళ్లకు రేడియో పట్టీలు కట్టడం ఆనాడు దేశమంతటా నిరసనకు కారణమయింది. స్థాపకురాలికి 2014లో 16 ఏళ్లకు పైగా శిక్ష పడింది. 2019 జనవరిలో బయటపడిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం సంగతి ఇంకా విచిత్రం. అమెరికా ప్రభుత్వ అధికారులే వలగా నడిపిన ఆ సంస్థలో 600 మందికి పైగా చేరి రుసుములు కట్టారు. చదువు లేదని తెలిసే చేరారని ప్రభుత్వ వాదన. డబ్బు తీసుకొని చదువు చెప్పలేదని విద్యార్థుల వాదన. రుసుముల కోసం వేసిన వ్యాజ్యాన్ని కింది కోర్టు కొట్టివేయగా, 2024 జూన్‌లో అప్పీలు న్యాయస్థానం దానిని తిరిగి విచారణకు పంపింది. ఈ రెండు సంఘటనల మధ్య, 2015 డిసెంబరులో, చెల్లుబాటయ్యే వీసాలు ఉన్న తెలుగు విద్యార్థులను అమెరికా విమానాశ్రయాల నుంచి వెనక్కి పంపారు. హైదరాబాదులో కొందరిని విమానమే ఎక్కనివ్వలేదు. వీసా వచ్చినా పరీక్ష ముగియదన్న సంగతి పల్లెల దాకా తెలిసింది అప్పుడే.

ఒక దేశం బిగిస్తే మరో దేశం వైపు చూడటం పాత ఉపాయమే. 2024లో ఆ ఉపాయం కూడా ఇరుకున పడింది. ఆ ఏడాది జనవరి 1 నుంచి బ్రిటన్ చాలా కోర్సుల విద్యార్థులకు భార్యను లేదా భర్తను వెంట తెచ్చుకొనే వీలు తీసివేసింది. పెళ్లి, చదువు ఒకే ముహూర్తంలో ఆలోచించే కుటుంబాలలో, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, ఇది పెద్ద మార్పు. అదే రోజు నుంచి కెనడా చూపవలసిన జీవనవ్యయాన్ని 10,000 డాలర్ల నుంచి 20,635 డాలర్లకు పెంచింది. జూలైలో ఆస్ట్రేలియా వీసా రుసుమును 710 నుంచి 1,600 డాలర్లకు చేర్చింది.

2025 మే 27న అమెరికా కొత్త విద్యార్థి వీసా ఇంటర్వ్యూల తేదీలు ఇవ్వడం ఆపింది. జూన్ 18న తిరిగి మొదలుపెడుతూ అభ్యర్థులు తమ సామాజిక మాధ్యమ ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలని నియమం పెట్టింది. ఆ మూడు వారాలు సాధారణ కాలంలో తక్కువే. ఆగస్టులో తరగతులు మొదలయ్యే వారికి మాత్రం అవి ఏడాదిని నిర్ణయించే వారాలు. ఆ ఆగస్టులో అమెరికా చేరిన భారతీయ విద్యార్థులు అంతకు ముందరి ఆగస్టుతో పోలిస్తే సుమారు 44 శాతం తగ్గారు. సెప్టెంబరులో హెచ్-1బి కొత్త దరఖాస్తులకు 1,00,000 డాలర్ల రుసుము ప్రకటించడంతో రుణం తీర్చే ఏర్పాటు మీదే అనుమానం కమ్మింది. రుణం మంజూరు చేసే బ్యాంకు అధికారి, సంబంధం కుదిర్చే పెద్దమనిషి కూడా ఇప్పుడు ఆ ప్రకటనలను చదువుతున్నారు.

తేదీ దొరకని అభ్యర్థికి విశ్వవిద్యాలయం ప్రవేశాన్ని జనవరికో, వచ్చే ఆగస్టుకో వాయిదా వేస్తుంది. వీసా రుసుము 185 డాలర్లు తిరిగి రావు. ఖాతాలో నిలువ చూపడానికి తాకట్టు పెట్టిన నగల గడువు మాత్రం వాయిదా పడదు. అసలు, వడ్డీ ఒకేసారి కట్టే బంగారు రుణానికి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం గడువు 12 నెలలు. ప్రొద్దుటూరు అంగళ్లలో ఆ గడువు ముగిసేలోగా వడ్డీ కట్టి తాకట్టును తిరగరాయించుకొనేవారు కొందరు. విడిపించలేక నగలను అక్కడే అమ్మి, మిగిలిన సొమ్మును మళ్లీ ఖాతాలో వేసి, వచ్చే ఇంటర్వ్యూ కోసం నిలువ ఉంచుకొనేవారు మరికొందరు.